మూడు రంధ్రాల నియమం

ఫిబ్రవరి 7, బుధవారం

కెరిన్‌ని పదకొండున్నర ఓడ ఎక్కించి వచ్చాను. తుంటి కీలు మార్చాక మూడు వారాలు పునరావాస కేంద్రంలో ఉండి రావాలని డాక్టర్లు రాసిచ్చారు. సముద్రం దాటి, రైలెక్కి, అడవిలో ఎక్కడో ఉందట. రోజూ ఈత, నడక, ఉప్పు తక్కువ తిండి. రెండు కర్రల మీద నిలబడి, జబ్బు నాకే అన్నట్టు జాగ్రత్తలన్నీ నాకు చెప్పింది.

"వచ్చిన మర్నాడే రికార్డింగుల ముందు కూర్చుంటాను. ఈసారి సాకుల్లేవు," అంది. "ఆ లాప్‌టాప్ తెరుచుకునేలోపు నాకు రెండో తుంటి కూడా పోకుండా ఉంటే."

"తొమ్మిది నిమిషాలేగా."

"లెక్కపెట్టావా?"

లెక్కపెట్టాను. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. లెక్కపెట్టకుండా ఉండగలిగితే నేను హార్ట్‌ముట్‌నే కాదు.

పదకొండేళ్లుగా ఈ దీవిలో ముసలివాళ్ల ఇళ్లకి తిరిగి, జర్మన్ కాని తమ దీవి భాషలో వాళ్లు చెప్పిందంతా రికార్డు చేసింది. నలభై ముగ్గురు. ఎవరి గడ్డివాము ఏ తుఫానులో కొట్టుకుపోయింది, ఎవరిని చేసుకోవలసినవాడు ఎవరిని చేసుకున్నాడు, తిమింగలాల వేటకి వెళ్లిన తాతలు ఇంటికి ఏం తెచ్చారు. కెరిన్ వాళ్లమ్మ కూడా అందులో ఉంది. ఇప్పుడు మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురిలో మాట తడబడకుండా మాట్లాడేది నమీనె ఒక్కతే, ఆవిడకి తొంభై నాలుగు. అదంతా విని రాసిపెట్టాలని కెరిన్ కోరిక. కొంచెం వినాలి, ఆపాలి, రాయాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆపిన ప్రతిసారీ ఆ లాప్‌టాప్ దీర్ఘాలోచనలో పడేది. రెండు పేజీలు రాసేసరికి ఆమెకి ఓపిక పోయింది.

మూడు వారాలు నాకు చాలు. వచ్చేసరికి కళ్లు తిరిగిపోవాలి ఆమెకి.

ఫిబ్రవరి 10, శనివారం

అయిపోయింది. పన్నెండు సెకన్లు.

పాడైన సామాన్లు బాగుచేసి ఇవ్వడానికి చర్చి హాల్లో నెలకోసారి మేం నడిపే రిపేర్ కెఫేకి ఇవాళ నేనే గిరాకీని. కాఫీ యంత్రాలు, కుట్టుమిషన్లు, ఒకావిడ తెచ్చిన, మాట్లాడటం మానేసిన బొమ్మ. మూలబల్ల దగ్గర నేనూ బ్రోడరూ. బ్రోడర్ ముప్పై ఏళ్లు ఓడల ఇంజన్లు బాగుచేసినవాడు, దీవిలోనే పుట్టినవాడు. లాప్‌టాప్ బోర్లించి స్క్రూలు విప్పి వరసగా పేర్చాడు. పాత హార్డ్ డిస్క్ బయటికి తీసి అరచేతిలో తూచి చూశాడు.

"ఇది తిరిగే రకం. గ్రామఫోన్ ప్లేటే అనుకో. దీన్ని తీసేసి తిరగనిది పెడితే బండి గాల్లో తేలుతుంది."

ఆ తిరగని కొత్త డిస్కు, ఎస్ఎస్‌డీ, బిస్కెట్ అంత ఉంది. పాతదాంట్లో సగమే పడుతుంది దీంట్లో. పాతదాంట్లో రాసి ఉన్నదంతా దీంట్లోకి కాపీ చెయ్యాలి. ప్రోగ్రామ్ పెడితే పాత డిస్కు రెండు భాగాలుగా కనబడింది. మొదటిదాంట్లో కెరిన్ ఉత్తరాలు, ఫోటోలు, అన్నీ. రెండోదాని పక్కన "ఖాళీ, ఏమీ రాయలేదు" అని ఉంది.

"ఇంత పెద్దది ఖాళీగా ఎందుకుంటుంది?" అన్నాడు బ్రోడర్.

"కంపెనీవాళ్లు వదిలేసిందై ఉంటుంది. ఎలాగూ రెండూ పట్టవు. మొదటిదే తీసుకుందాం."

"నీ ఇష్టం సారూ. నువ్వు చదువుకున్నవాడివి."

గంటన్నర పట్టింది. మూత బిగించి ఆన్ చేశాం. పన్నెండు సెకన్లు. చుట్టుపక్కల బల్లలవాళ్లు కూడా వచ్చి చూశారు. ఫోటోలు తెరిచాను, ఉన్నాయి. ఉత్తరాలు తెరిచాను, ఉన్నాయి.

ఆ తర్వాత మూడు రంధ్రాలు. తీసేసిన డిస్కు ఎవరి చేతిలోనూ పడకూడదని నియమం. సొంతదారు ఎదుటే డ్రిల్లింగ్ మిషన్‌తో మూడు చోట్ల తూట్లు పొడవాలి, కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ నియమం రాసింది నేనే. జిల్లా కార్యాలయంలో ఇరవై ఆరేళ్లు జనం వివరాలు బయటికి పొక్కకుండా కాపలా కాసినవాణ్ని, ఇక్కడ ఊరుకుంటానా. సొంతదారు ఊళ్లో లేదు కనక ఆమె తరఫున నేనే నిలబడ్డాను, సంతకం నేనే పెట్టాను, డ్రిల్లూ నేనే పట్టాను.

"ఇంటికి పట్టుకెళ్లి నాలుగు రోజులు ఉంచుకోకూడదా?" అన్నాడు బ్రోడర్.

"నియమం అందరికీ ఒకటే."

ఇంటికొచ్చి లాప్‌టాప్‌ని నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు తెరిచాను. ఊరికే, చూడటానికి.

ఫిబ్రవరి 11, ఆదివారం

రికార్డింగులు తెరుచుకోవడం లేదు. వాటికి తాళం వేసే ప్రోగ్రామ్ పాతదై ఉంటుంది, కొత్త డిస్కుకి సర్దుకోవాలి. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 12, సోమవారం

తాళం వేసింది నేను. పదేళ్ల కిందట. మనుషుల గొంతులు, వాళ్ల ఇంటి విషయాలు, ఎవడైనా లాప్‌టాప్ దొంగిలిస్తే ఎలా అని డిస్కులో సగం విడదీసి, రికార్డింగులన్నీ అందులో పెట్టి, రహస్య సంకేతంతో మూసేశాను. అలా మూసిన భాగం పైనుంచి చూసేవాడికి ఖాళీగా కనిపిస్తుంది. అలా కనిపించాలనే చేశాను. కెరిన్‌కి చెప్పి మురిసిపోయాను కూడా. దొంగ చూసినా ఇక్కడ ఏదో ఉందని కూడా తెలియదు అన్నాను. శనివారం ఖాళీ అని నేను వదిలేసింది దాన్నే.

కంచే చేను మేసింది.

ఫిబ్రవరి 14, బుధవారం

బ్రోడర్ దగ్గరికి వెళ్లి చెత్త డబ్బాలోంచి డిస్కు తెచ్చుకున్నాను. ఎందుకని అడగలేదు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల చక్కెర కదిలినట్టు చప్పుడు.

పోయిన సమాచారం వెలికితీసేవాళ్లు హాంబుర్గ్‌లో ఉన్నారు, ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"రంధ్రం ఎక్కడ పడిందండీ? అంచునా, మధ్యలోనా?"

"మూడు. అన్నీ మధ్యలోనే."

"లాప్‌టాప్ డిస్కేనా అండీ?" అని అడిగి, అవునన్నాక చెప్పింది, "ఆ సైజు వాటిలో లోపలి పళ్లేలు గాజువండీ. డ్రిల్ తగిలితే పగలవు, పొడైపోతాయి. పంపినా మేం చేసేదేమీ ఉండదు. ఇంకో కాపీ ఏమైనా..."

లేదన్నాను. సారీ అండీ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లు రోజుకి ఎంతమంది ఆ పిల్లకి ఫోన్ చేస్తారో.

హాంబుర్గ్‌లో ఇంకెవరైనా ఉంటారు. బెర్లిన్‌లో ఉంటారు.

ఫిబ్రవరి 15, గురువారం

బెర్లిన్. అదే మాట.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఇంకో కాపీ ఉండవలసిందే. దాని గురించి రాయకుండా రెండు రోజుల నుంచి తప్పించుకుంటున్నాను.

ఐదేళ్ల కిందట విశ్వవిద్యాలయం నుంచి ఒక లెక్చరర్ వచ్చింది, గుల్జ్ అనే ఆవిడ. మొత్తం కాపీ చేసుకుని తమ దగ్గర భద్రంగా ఉంచుతామంది. కెరిన్ ముఖం వెలిగిపోయింది. నేను అడ్డుపడ్డాను. ఇవి మనుషుల సొంత గొంతులు, ప్రతి ఒక్కరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇల్లు దాటి వెళ్లకూడదన్నాను. చనిపోయినవాళ్ల విషయంలో వారసులందరి సంతకాలూ కావాలన్నాను. ఫారం నేనే తయారుచేశాను, నాలుగు పేజీలు. కెరిన్ ఆ ఫారాలు పట్టుకుని మళ్లీ ఇంటింటికీ తిరిగింది. తొంభై ఏళ్ల ముసలాయన ఒకాయన మూడో పేజీ చదువుతూ నిద్రపోయాడట. పంతొమ్మిది సంతకాలయ్యాయి. మిగతావాళ్లు ఒక్కొక్కరే పోయారు. వాళ్ల పిల్లలు ఒకరు ఆస్ట్రేలియాలో, ఒకరు ఎక్కడో. "కనీసం ఈ పంతొమ్మిదీ ఇచ్చేద్దాం," అంది కెరిన్. మొత్తం పూర్తయ్యాక ఒకేసారి ఇద్దామన్నాను.

ఆ ఫైలు అటక మీద ఉంది. దించి చూశాను. పంతొమ్మిదిమంది వణికే చేతుల సంతకాలు, తేదీతో, సాక్షితో సహా. ఒక్క కాగితం కూడా పోలేదు. పోకుండా చూసుకోవడం నాకు బాగా వచ్చు.

ఫిబ్రవరి 18, ఆదివారం

కెరిన్ ఫోన్. ఒక కర్రతోనే నడుస్తోందట. తన బల్ల దగ్గర భోంచేసే మ్యూనిక్ ఆవిడకి మా దీవి భాషలో అంకెలు నేర్పుతోందట.

"నువ్వేం చేస్తున్నావ్?"

"ఏముంది. పూలకుండీలు."

"గొంతు అదోలా ఉంది."

"జలుబు."

"ఒంటరిగా ఉంటే నువ్వు తిండి మానేస్తావ్, నాకు తెలుసు. నేను రాగానే నమీనె రికార్డింగుతో మొదలుపెడతాను హార్ట్‌ముట్. తర్వాత అమ్మది. అమ్మది విని నాలుగేళ్లయింది. భయంవేసి వినలేదు. ఇప్పుడు వినగలననిపిస్తోంది."

ఫోన్‌లో చెప్పే విషయం కాదు ఇది. ఎదురుగా కూర్చుని చెప్పాలి. కాలు కుదుటపడనీ. ఇది పిరికితనం కాదు, వైద్యపరంగా కూడా ఇదే సబబు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఇవాళ సముద్రం ఒడ్డున మంటల పండగ. క్రిస్మస్ చెట్లూ ఎండుకొమ్మలూ మనిషికి మూడింతల ఎత్తున పేర్చి, చీకటి పడుతుండగా ముట్టిస్తారు. పైన చలికాలం పేరుతో ఒక గడ్డిబొమ్మ కాలుతుంది. దీవి అంతా అక్కడే ఉంటుంది, అందరూ వాళ్ల భాషలోనే కేకలేసుకుంటారు. ఆ తర్వాత క్యాబేజీ ఆకు కూర, సాసేజీలు. పెళ్లయి ఈ దీవికి వచ్చినప్పటి నుంచి, ముప్పై నాలుగేళ్లుగా, కెరిన్ పక్కన నిలబడి వాళ్లు నవ్వినచోట నవ్వుతున్నాను. అందరూ నవ్వాక నవ్వాలి, అంతే కిటుకు.

బ్రోడర్ నా పక్కన చేరాడు. అతనికి చెప్పేశాను. మొత్తం. మంట వైపు చూస్తూ విన్నాడు.

"మా నాన్న ఉన్నాడు అందులో," అన్నాడు.

నాకు ఆ సంగతి గుర్తులేదు. ఆయన సంతకం పంతొమ్మిదింటిలో ఉంది, మొన్ననే చూశాను, ఓలుఫ్ అని. చూసి కూడా తోచలేదు.

"ఏం చెప్పాడో నేను వినలేదు. కెరిన్ రమ్మంది ఒకసారి, విందువు గానీ అని. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను." చేతిలోని గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాడు. "కెఫేలో గోడ మీద నువ్వో బోర్డు పెట్టావు గుర్తుందా. కాపీ దాచుకోనివాడి మీద జాలి పడం అని."

"గుర్తుంది."

"నేను ఆ మాట అనట్లేదు," అన్నాడు. కూర తినడానికి రాలేదు, అటునుంచటే ఇంటికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

నమీనె ఉంది కదా. ఎంత పోయినా కొంత తిరిగి కూడగట్టవచ్చు. మొదటి రికార్డింగ్ నమీనెదే, కెరిన్ మొదలుపెడతానన్నదీ నమీనెతోనే. కనీసం అది ఉంటే మాట మొదలుపెట్టడానికి ఒక దారి దొరుకుతుంది.

వృద్ధాశ్రమానికి బాదం కేకు పట్టుకెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని ఉంది, చెవి మిషన్ పెట్టుకుని. నన్ను గుర్తుపట్టింది. ఫోన్ బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ సంచీలోంచి ఫారం కూడా తీశాను.

"మళ్లీనా నాయనా?" అంది. "అప్పుడు పెట్టానుగా సంతకం. నాలుగు పేజీలు. మా పెళ్లికి కూడా అంత కాగితం పట్టలేదు."

ఫారం లోపల పెట్టేశాను. కెరిన్‌కి కానుకగా ఆవిడ మాటలు రికార్డు చేసుకుంటానన్నాను. చిన్నప్పటి సంగతులేవైనా చెప్పమన్నాను, మీ భాషలో. ఆవిడ మొదలుపెట్టింది, జర్మన్‌లో.

"మీ భాషలో చెప్పండి, నమీనె గారూ."

"నువ్వున్నావుగా ఎదురుగా."

"పర్వాలేదు."

"నాకు పర్వా ఉంది. ఆ భాష రానివాడి ముందు అందులో మాట్లాడితే మా అమ్మ చెయ్యి చేసుకునేది. ఎదురుగా ఉన్నవాణ్ని బయటికి గెంటినట్టే అది. నిన్ను నేనెందుకు గెంటుతాను? కేకు తెచ్చావ్."

ఇక్కడి మర్యాద అది. నేను గదిలోకి వస్తే పదిమంది భాష మార్చేస్తారు, మధ్యలో వాక్యం విరిచేసి. కెరిన్‌ కూడా నాతో ఒక్క ముక్క ఆ భాషలో మాట్లాడింది లేదు. మొదట్లో నేర్చుకుంటాలే అన్నాను. అవసరం పడలేదు, అందరూ నాకోసం జర్మన్‌లోకి మారిపోయేవారు. రికార్డింగులకి కారు నడిపింది నేనే. వాళ్లకి ఇబ్బందని వంటింట్లో కూర్చునేవాణ్ని. నలభై మూడు వంటిళ్లు చూశాను.

"నేను బయట కూర్చుంటాను. మీరు ఫోన్‌తో చెప్పండి."

"అది ఊఁ కొడుతుందా?"

"కొట్టదు."

"ఊఁ కొట్టనిదానికి ఏం చెప్తాం." అయినా జాలిపడ్డట్టుంది, సరే అంది. వరండాలో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తిరిగి వెళ్లేసరికి నిద్రపోతోంది. ఇంటికొచ్చి విన్నాను. చెంచా చప్పుడు, కేకు తిన్న చప్పుడు, తర్వాత గురక.

వచ్చేముందు లేపి శాలువా కప్పితే చెయ్యి పట్టుకుంది. "కెరిన్ దగ్గర అన్నీ ఉన్నాయిగా. మా ఆయన సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను, రెండోసారి చెప్పే ఓపిక లేదు. ఉంది కదా అది?"

"ఉంది," అన్నాను.

ఫిబ్రవరి 26, సోమవారం

ఇల్లు ఊడ్చాను. లాప్‌టాప్ తుడిచి ఆమె బల్ల మీద పెట్టాను. పక్కన పూలు పెట్టి, మళ్లీ తీసేశాను.

ఫిబ్రవరి 28, బుధవారం

వచ్చింది. ఓడ మెట్లు ఒక్క కర్రతో దిగింది. బుగ్గలు రంగు తేలాయి. చాలా అందంగా ఉంది, అది రాయాలి.

ఇవాళ ప్రయాణపు బడలిక. రేపు.

ఫిబ్రవరి 29, గురువారం

నేను చెప్పేలోపే ఆన్ చేసింది. కాఫీ కప్పు తీసుకుని, ఎప్పటిలా చాలాసేపు పడుతుందని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెనక్కి తిరిగేసరికి తెర వెలుగుతోంది.

"ఏం చేశావ్ దీన్ని?"

"డిస్కు మార్చాం. నేనూ బ్రోడరూ."

నవ్వింది. ఆపి మళ్లీ తెరిచింది, నాలాగే. "పదకొండేళ్ల నుంచి ఏడిపించింది కదయ్యా ఇది. ముందే ఎందుకు చెయ్యలేదు?" లేచి వచ్చి నా తల పట్టుకుని నెత్తిమీద ముద్దు పెట్టింది. ఆ చెయ్యి నా తల మీద ఉండగా చెప్పాల్సింది.

మధ్యాహ్నం కాలు నొప్పని పడుకుంది. రికార్డింగులు రేపటి నుంచట.

మార్చి 1, శుక్రవారం

పొద్దున తొమ్మిదింటికి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. పక్కన కొత్త నోటుబుక్కు, చెక్కిన పెన్సిళ్లు ఐదు.

"హార్ట్‌ముట్, తాళం తెరుచుకోవడం లేదు. నీ సంకేతం మార్చావా?"

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాను. మొత్తం వరసగా చెప్పాను. ఖాళీ అని కనపడటం, సగం సైజు, మూడు రంధ్రాలు, గాజు, హాంబుర్గ్, బెర్లిన్. ఎన్నిరోజులుగా దాచానో తేదీలతో చెప్పాను. నమీనె దగ్గరికి వెళ్లిన సంగతి కూడా. చెబుతుంటే నా గొంతు నాకే కార్యాలయంలో నివేదిక చదువుతున్నట్టుంది, ఆపుకోలేకపోయాను.

హెడ్‌ఫోన్ ఇంకా మెడ చుట్టూనే ఉంది. ఏడవలేదు. కాఫీ కావాలా అని అడిగాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ అడిగాను.

అప్పుడు మాట్లాడింది. తన భాషలో.

మొదట నాకు తెలియలేదు, ఎవరైనా వచ్చారేమోనని తలుపు వైపు చూశాను. నాతోనే. నా కళ్లలోకి చూస్తూ, మెల్లగా, ఎక్కడా తడుముకోకుండా. పావుగంటో, ఇంకా ఎక్కువో. గడియారం చూడలేదు. గొంతు పెంచలేదు. ఒకచోట నా పేరు వచ్చింది. రెండు చోట్ల వాళ్లమ్మ పేరు వచ్చింది. ఒకచోట నవ్వినట్టు అనిపించింది, ఈసారి నాకు ముందు నవ్వేవాళ్లెవరూ లేరు, ఏం చెయ్యాలో తెలియలేదు. ఏదో అడిగినట్టుంది, మాట చివర పైకి లేచింది. జవాబు కోసం ఆగింది కూడా. తర్వాత మళ్లీ కొనసాగించింది.

అయ్యాక పెన్సిళ్లు డబ్బాలో పెట్టి, కర్ర తీసుకుని వెళ్లింది.

మార్చి 2, శనివారం

విన్నదాన్ని విన్నట్టు ఇక్కడ రాసుకుందామని పొద్దున్నుంచి కూర్చున్నాను. ఎవరికైనా చూపించి అర్థం అడగొచ్చని. ఒక్క మాట కూడా అక్షరాల్లోకి రావడం లేదు.

మార్చి 4, సోమవారం

నిన్నటి నుంచి మామూలుగానే ఉంది. జర్మన్‌లోనే మాట్లాడుతోంది. రొట్టె తెమ్మంది, చెత్తబండి మంగళవారమా బుధవారమా అని అడిగింది, చారులో ఉప్పు చాలిందంది.

గిన్నెలు తుడుస్తూ అడిగాను. "మొన్న నాతో అన్నావు కదా కెరిన్, చాలాసేపు. అదేంటో చెప్పవా?"

తడి గిన్నె నా చేతికిచ్చింది.

"చెప్పాను కదా," అంది.